రేకు పగలకుండా కారు దించిన రోజులు

సస్పెన్షన్ పని నేర్చుకుంటున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కారుకు ఏ స్ప్రింగు పడుతుంది, ఎంత కోయొచ్చు, ఎంత దించొచ్చు అని అడుగుతారు. కొలతలు నాకంటే వాళ్ళ ఫోనుకే బాగా తెలుసు. కారు ఎవరిది, అందులో ఏం మోస్తారు, ఏ దారిన తిరుగుతారు అన్నవి మాత్రం ఫోనులో ఉండవు. ఆ మూడూ అడగకుండా జాకీ పెట్టొద్దని చెబుతాను. అంతటితో ఊరుకోకుండా ఆత్రేయపురం కారు సంగతి కూడా చెబుతాను. ఈసారి దాన్ని కాగితం మీద పెడుతున్నాను.

ఎత్తే పనిలో పెరిగినవాణ్ణి

నేను పని నేర్చుకున్నది రాజమండ్రి మోరంపూడి దగ్గర, లారీల బరువు మోసే కమాన్ కట్టలు బాగుచేసే షెడ్డులో. యజమాని వీర్రాజు గారు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. లారీ కింద పడుకుని కమాను పట్టీలను సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టి, చప్పుడు విని, ఏది చిట్లిందో చెప్పేవారు. ఎక్కువ లోడు వేసుకొచ్చిన డ్రైవర్లను నోటికొచ్చినట్టు తిట్టి, వెంటనే వాళ్ళకే టీ తెప్పించేవారు.

ఆయన దగ్గర ఒకటే కట్టుబాటు ఉండేది. పని అయిన బండిలో ముందు తాను ఎక్కి తిరగాలి. తాను ఎక్కడానికి ఇష్టపడని బండిని షెడ్డు దాటనిచ్చేవారు కాదు. ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా బల్ల మీద కూర్చోవాల్సిందే.

మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా బండి ఎత్తమనేవాళ్ళే. మా ప్రాంతం అలాంటిది. కాలవ గట్ల మీద దారులు, వానాకాలం గుంటలు, ధాన్యం బస్తాలు, కొబ్బరికాయల లోడ్లు. ఇంకో పట్టీ వెయ్యండి, ఇంకాస్త లేపండి అనే మాట తప్ప మేం మరో మాట వినలేదు. చిన్న కార్లు ఎక్కువయ్యాక వాటి పని నేను చూడటం మొదలుపెట్టాను. అక్కడా అదే కోరిక. బండిని కిందికి దించమని అడిగేవాడు ఒకడు ఉంటాడని రెండు వేల సంవత్సరం దాటేదాకా నాకు తెలియదు.

శీను, వాళ్ళమ్మ

ఒక ఉదయం ఎర్రరంగు చిన్న కారొకటి షెడ్డు గుమ్మంలో ఆగింది. ఆగిందనడం కంటే చతికిలబడిందనాలి. గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టలా నేలకు అంటుకుపోయి ఉంది. చక్రాల పైభాగం మడ్‌గార్డుల్లో దాక్కుంది. అయినా ఆ కారు బాగుంది. రంగు తుడిచి తుడిచి అద్దంలా ఉంచాడు దాని యజమాని. పేరు శీను, ఆత్రేయపురం. పక్క సీట్లో వాళ్ళమ్మ మంగతాయారు గారు, ఒళ్ళో అట్టపెట్టెతో కూర్చుని ఉన్నారు.

ఆవిడ ఆ లోతులోంచి తలుపు పట్టుకుని పైకి లేచి, సరాసరి నా దగ్గరికి వచ్చి పెట్టె మూత తీశారు. లోపల తెల్లటి పొడి, నెయ్యి వాసన.

"ఇవి పూతరేకులు బాబూ. ఇంట్లో బయల్దేరినప్పుడు పూతరేకులే. ఇప్పుడు వీటినేమనాలో నువ్వే చెప్పు" అన్నారు.

తర్వాత సంగతంతా ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ చెప్పారు. ఆవిడ వేడి కుండ మీద రేకులు తీయడంలో ఊళ్ళో పేరున్న మనిషి. అవి చిన్నప్పటి నుంచి శీను బుట్టలో పెట్టుకుని, బస్సులో నిలబడి, రాజమండ్రి కొట్లకు చేర్చేవాడు. ఎవరి మోచెయ్యి తగులుతుందోనని దారంతా బుట్టను గుండెకు హత్తుకుని వచ్చేవాడట. కష్టపడి సెకండ్ హ్యాండులో ఈ కారు కొన్నారు. కొన్న కొత్తలోనే అతను వేరే ఊళ్ళో ఎవరి దగ్గరికో వెళ్ళి స్ప్రింగులు కోయించాడు. ఏదో పత్రికలో చూసిన బొమ్మ అతని మనసులో పడిపోయింది. ఆ రోజు నుంచి కొట్లకు చేరేది పొడే.

ఇప్పుడు పెద్దాపురంలో ఒక పెళ్ళివారు కొట్టుతో పని లేకుండా నేరుగా మంగతాయారు గారినే పెళ్ళికి పూతరేకులు చేసివ్వమని అడిగారు. అలా అడగడం అదే మొదటిసారి. అక్కడ రేకులు నిలబడితే ఆవిడ పేరు నిలబడుతుంది. పొడి అయితే ఊళ్ళ వెంట ఆ మాటే తిరుగుతుంది. అందుకని ఆవిడ కొడుకుకు తేల్చి చెప్పారు. కారు ఎత్తించు, లేకపోతే అమ్మెయ్యి.

శీను నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "ఎత్తేస్తే అందరి కార్లలాగే అయిపోద్దండి. వీధిలో పిల్లలు దీన్ని చూడ్డానికే బయటికొస్తారండి" అన్నాడు. అతని మొహం చూస్తే జాలేసింది.

వీర్రాజు గారు మాత్రం ఒక్కసారి వంగి చూసి, కంపెనీ స్ప్రింగులు తెచ్చి బిగించి పంపెయ్యమని చెప్పి లారీ కిందకి వెళ్ళిపోయారు. అది తెలివైన సలహా. ఈ రోజు ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను. కానీ ఆ కారు నిలబడిన తీరు నాకు నచ్చింది. అంతకంటే పెద్ద కారణం చెప్పలేను. కిందికే ఉండాలి, రేకు పగలకూడదు. అది కుదురుతుందో లేదో చూడాలనిపించింది. వీర్రాజు గారి వెనకే వెళ్ళి, పెళ్ళిలోపల కుదరకపోతే నేనే ఎత్తేస్తానని బతిమాలాను. ఆయన లారీ కింద నుంచి తల బయటికి పెట్టారు. "చేసుకో. నేనెక్కుతాను మరి" అన్నారు.

చవగ్గా దించడం అంటే

కారు కింద జాకీ పెట్టి లేపగానే వెనక స్ప్రింగు ఊడి నా చేతిలోకి వచ్చింది. మరీ పొట్టిగా కోయడం వల్ల చక్రం వేలాడితే దానికి పట్టు లేదు. కోసింది గ్యాసు మంటతో. స్ప్రింగును గ్యాసుతో కోస్తే ఆ వేడికి దాని బలం పోతుంది, రోజురోజుకూ కుంగుతుంది. చక్రం పైకి కిందికి ఆడటానికి ఉండాల్సిన చోటు పోయింది కాబట్టి, గుంటలో పడిన ప్రతిసారీ ఇరుసు వెళ్ళి లోపలి బంపు రబ్బరును గుద్దుతోంది. రేకులను పొడి చేస్తున్నది ఆ గుద్దే.

కొత్తవాళ్ళు ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. దించడమంటే కోయడం కాదు. కారుకు ఆడే చోటు తగ్గించాక, ఆ తక్కువ చోటులోనే బరువును మెత్తగా ఆపగలగాలి. అందుకు స్ప్రింగు కొంచెం గట్టిది కావాలి, మరీ గట్టిదైతే ఎద్దుబండి అవుతుంది. షాకబ్జార్బరు పొట్టిది కావాలి, కొత్తది కావాలి. వీటన్నిటికీ తయారుగా దొరికే సామాను పెద్ద నగరాల్లో ఉండేది. శీనుకు దాన్ని కొనే తాహతు లేదు.

నేను, శీను కలిసి పాత సామాను కొట్లన్నీ తిరిగాం. ఎండలో ఇనుప గుట్టల మీద కూర్చుని, కారు స్ప్రింగు ఒకటి చేత్తో పట్టుకుని, దానంత చుట్టు ఉండి తీగ కాస్త లావుగా ఉన్నవాటి కోసం వెతికాం. శీను మొదటిరోజే కొట్టువాళ్ళందరికీ స్నేహితుడయ్యాడు. వాళ్ళకు పూతరేకుల పొడి పొట్లాలు కట్టి తెచ్చేవాడు. అది పొడైనా రుచికి లోటు లేదు. చివరికి ఏదో చిన్న వ్యాను నుంచి తీసిన జత ఒకటి దొరికింది. నీళ్ళు పోస్తూ, వేడెక్కనివ్వకుండా, హాక్‌సాతో కోశాను. చేతులు బొబ్బలెక్కాయి. బంపు రబ్బర్లు కొంచెం చెక్కాను. షాకబ్జార్బర్లు మాత్రం కొత్తవే వేయించాను. అక్కడ బేరం వద్దని శీనుకు గట్టిగా చెప్పాను.

ఎంత దించాలన్న దగ్గర పేచీ వచ్చింది. శీను నాలుగు వేళ్ళు అన్నాడు. వీర్రాజు గారు వచ్చి రెండు వేళ్ళు అన్నారు. ఎవరి వేళ్ళు అని శీను అడిగాడు. ఆయన తన చెయ్యి చూపించారు. ఆయన రెండు వేళ్ళు మా మూడు వేళ్ళంత ఉంటాయి. శీను వెంటనే ఒప్పేసుకున్నాడు.

వెనక సీట్లో వీర్రాజు గారు

ధవళేశ్వరం మీదుగా బ్యారేజీ దాటి ఆత్రేయపురం దాకా వెళ్ళి చూద్దామనుకున్నాం. శీను నడుపుతున్నాడు, పక్కన నేను. వెనక సీటు ఎడమ వైపు వీర్రాజు గారు. లారీ కమాన్లు తప్ప మరేదీ ఒళ్ళో పెట్టుకోని మనిషి, పూతరేకుల పెట్టెను రెండు చేతులతో పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నారు. గోదావరి గాలి లోపలికి కొడుతోంది. ఆయన ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నారు.

బ్యారేజీ మీద కారు బాగా నడిచింది. గట్టు మీద గుంటల్లోనూ ఇదివరకటి గుద్దు లేదు. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. ఇంతలో కుడివైపు తిరిగే మలుపులో ఎడమ వెనక చక్రం దగ్గర కర్రుమని రాసుకున్న చప్పుడు, రబ్బరు కాలిన వాసన. మళ్ళీ కుడి మలుపు, మళ్ళీ అదే చప్పుడు. ఎడమ మలుపుల్లో ఏమీ లేదు. రెండో చప్పుడుకు ఆయన ఉలిక్కిపడ్డారు, పెట్టె చేతుల్లోంచి పక్కకు పడింది. వీర్రాజు గారు మూత తీసి చూసి, ఒక మూల పగిలాయని చెప్పారు. తర్వాత వెనక నుంచి నమిలే చప్పుడు వినిపించింది. పగిలినవాటిని తీసేస్తే మిగతావి లెక్క తేలుతాయని ఆయన వాదన. ఆత్రేయపురం చేరేసరికి పెట్టె సగం ఖాళీ.

కారు వాళ్ళ వాకిట్లోకి నేరుగా వెళ్ళి ఆగింది. స్ప్రింగులు రెండు పక్కలా కొలిచాను, సమానంగానే ఉన్నాయి. చక్రాలు సమానం. మరి ఒక పక్కే ఎందుకు రాసుకుంటోందో అర్థం కాక కారు చుట్టూ తిరుగుతున్నాను. మంగతాయారు గారు గుమ్మంలోకి వచ్చి కారు వంక చూడలేదు, తన ముగ్గు వంక చూశారు. వాకిట్లో పొద్దున్నే పెట్టిన పెద్ద ముగ్గు మీదుగా చక్రాల చారలు పడ్డాయి.

"రోజూ నా ముగ్గు పాడుచేస్తూనే ఉంది. కోయించకముందు సన్నగా రెండు చారలు పడేవి. దించిన దగ్గర నుంచి ఎందుకింత లావుగా పడుతున్నాయి?" అని కొడుకును అడిగారు.

నేను ముగ్గు దగ్గర గొంతుక్కూర్చుని చూశాను. ముందు చక్రం వెళ్ళిన దారిలో వెనక చక్రం వెళ్ళడం లేదు. వెనక ఇరుసు మొత్తంగా ఎడమ పక్కకు జరిగి ఉంది. ఇరుసు అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచే అడ్డ రాడ్డు ఒకటి ఆ కారుకు ఉంది. దాని ఒక కొస ఇరుసుకు, రెండో కొస కారు ఒంటికి బిగించి ఉంటుంది. కారును దించగానే ఆ రాడ్డు వాలు మారి, ఇరుసును పక్కకు నెట్టేసింది. ఇదివరకు చక్రానికి ఆడే చోటే లేదు కాబట్టి రాసుకోలేదు. మా లారీల కమాన్ కట్టలకు ఇలాంటి రాడ్డు ఉండదు, అందుకే మా ఇద్దరి బుర్రకూ అది తట్టలేదు. వీర్రాజు గారు కూడా నా పక్కన కూర్చుని చూసి, పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అంతలా నవ్వగా నేను చూడటం అదే మొదలు. మంగతాయారు గారికి మేం ఎందుకు నవ్వుతున్నామో తెలియక, ముందు అన్నం తినండి అని లోపలికి పిలిచారు.

మర్నాడు లేత్ మిషన్ దగ్గర ఆ రాడ్డును మధ్యలో కోయించి, మరలు పెట్టించి, కావలసినంత పొడవు సర్దుకునేలా చేయించాం. ఇరుసు మధ్యకు వచ్చింది. ఈసారి వెనక సీట్లో మంగతాయారు గారే కూర్చున్నారు. ఆవిడ తెచ్చింది నెయ్యి, పంచదార లేని ఉత్త రేకులు. వాటికి గట్టిగా గాలి తగిలినా చిట్లుతాయి. అన్ని మలుపులూ తిరిగి వచ్చాక పెట్టె తెరిచి, ఒక్కొక్క రేకునూ వెలుతురుకు ఎత్తి పట్టి చూశారు. ఒకదాని అంచు చిట్లి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, "ఇది నేను తీసేటప్పుడే చిట్లింది బాబూ" అన్నారు. నిజమో, నా మొహం చూసి అన్నారో ఇప్పటికీ తెలియదు.

పెద్దాపురం దారి

పెళ్ళి రోజు పొద్దున్న శీను నన్ను కూడా రమ్మన్నాడు. వెనక సీటు మడిచి పెట్టెలు నింపాం. వాటి పక్కన ఇరుకులో మంగతాయారు గారు పట్టుచీర మడతలు సర్దుకుంటూ కూర్చున్నారు. రాజానగరం దాటి, రంగంపేట దాకా హాయిగా వెళ్ళాం. అక్కడ ఒక కల్వర్టు తవ్వేసి ఉంది. బండ్లన్నిటినీ పక్కన పొలంలోకి దింపి, కంకర గుట్ట ఎక్కించి అవతలికి పంపుతున్నారు. లారీలకు అదొక లెక్క కాదు. మా కారు ఆ గుట్ట ఎక్కితే పొట్ట ఆనుకుని నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి.

శీను దిగి గుట్టను చూశాడు, కారును చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ మాట విని ఎత్తించుకుని ఉంటే సరిపోయేదని మెల్లగా అన్నాడు. మంగతాయారు గారు విన్నారు. పెట్టెల మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు.

మా వెనక ఒక వ్యాను ఆగి హారన్ కొట్టింది. ఎర్ర కోట్లు వేసుకున్న బ్యాండు మేళం వాళ్ళు. ముసలి మాస్టారు దిగి వచ్చి విషయం అడిగారు. వాళ్ళు వెళ్తున్నదీ ఆ పెళ్ళికే. నాకు అప్పుడే ఒక సంగతి తట్టింది. పెట్టెలు, మనుషులు దిగిపోతే కారు కొంత పైకి లేస్తుంది. ఆ కొంత చాలు. మాస్టారుకు అదే చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి తన మనుషులతో, "వాయిద్యాలు లోపల పెట్టండి. పెట్టెలు పట్టుకోండి. జారితే మనం పెళ్ళిలో వాయించక్కర్లేదు" అన్నారు.

ఎర్ర కోట్లవాళ్ళంతా పెట్టెలు నెత్తిన పెట్టుకుని, పొలం గట్టు మీద వరసగా, ఒకరి అడుగులో ఒకరు అడుగేసుకుంటూ నడిచారు. ముందు మంగతాయారు గారు. కల్వర్టు పనివాళ్ళు పారలు పక్కన పెట్టి చూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన వచ్చి, గుట్ట మీద రెండు చెక్కలు పరిచాడు. నేను కింద బోర్లా పడుకుని పొట్ట ఎక్కడ ఆనుతుందో చూస్తూ చెయ్యి ఊపుతుంటే, శీను కారును అంగుళం అంగుళం ఎక్కించాడు. గుట్ట నెత్తిన ఒక్కసారి గీరుకుంది, అంతే. అవతల దిగింది.

వెనకే వ్యాను కూడా దిగగానే ఎవరో డప్పు అందుకున్నారు. మాస్టారు వద్దనలేదు. నడిరోడ్డు మీద పెళ్ళికంటే ముందు మాకే మేళం మోగింది. మంగతాయారు గారు పెట్టెలన్నీ మళ్ళీ కారులో సర్దించి, ఒక పెట్టె మాత్రం విప్పి, బ్యాండువాళ్ళకూ కల్వర్టు పనివాళ్ళకూ చేతుల్లో పెట్టారు. అవి నిండుగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. పెళ్ళింట్లో మిగతా పెట్టెలు తెరిచినప్పుడు పెళ్ళికూతురి తండ్రి ఏమన్నాడో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఆ రోడ్డు మీద ఎర్ర కోట్లు, నోటి నిండా పూతరేకులు.

తర్వాత

నిజం చెప్పాలంటే, మన దారులకు కారును దించడం తెలివైన పని కాదు. వానాకాలంలో అది బాధ, స్పీడు బ్రేకర్ల దగ్గర బాధ. నా దగ్గరికి తర్వాత వచ్చినవాళ్ళలో సగం మందికి వద్దని చెప్పి పంపాను. ఎక్కువ తొందరపడేవాణ్ణి ముందు వారం రోజులు ఆలోచించుకోమనేవాణ్ణి. చేసిపెట్టినవాళ్ళకు మాత్రం శీను కారుకు పెట్టినంత శ్రద్ధ పెట్టి చేశాను. మనిషికి ఇష్టమైన బండి మీద పని చేసేటప్పుడు, ఆ ఇష్టం కూడా బండిలో ఒక భాగమే అనుకోవాలి. దాన్ని విప్పి పక్కన పడేసి పని చేయకూడదు.

పెద్దాపురం నుంచి మొదలై ఆర్డర్లు ఎక్కువయ్యాయి. సామాను మొయ్యడానికి శీను పెద్ద వ్యాను కొన్నాడు. కారును అమ్మలేదు. అది ఇంట్లోనే ఉంటోందని విన్నాను. నేనూ పనిలో పడి ఆ వైపు వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం బ్యారేజీ మీద స్కూటరు మీద వెళ్తున్నాను. వెనక నుంచి హారన్ వినిపించి పక్కకు తప్పుకున్నాను. ఎర్ర కారు నన్ను దాటి వెళ్ళి, ముందు ఆగింది. స్టీరింగు వెనక మంగతాయారు గారు. వెన్ను నిటారుగా, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. శీను పొద్దున్న పూట బడి మైదానంలో నేర్పాడట. లైసెన్సు కూడా వచ్చిందని చెప్పి, అద్దం పూర్తిగా దించారు.

"వ్యాను నడపమంటాడు మా వాడు. అందులో కూర్చుంటే నాకు నేల కనపడదు బాబూ. దీంట్లో అయితే ఎదురుగానే ఉంటది" అన్నారు.

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ వాటిని పట్టించుకోకుండా, గొంతు తగ్గించి అడిగారు.

"దీన్ని ఇంకాస్త దించడానికి వీలవుద్దా?"